ఇంకొక్క మలుపే

తైచుంగ్ నగరపు ఉషోదయ సైకిల్ సంఘం సభ్యులకు తెలియజేయడమేమనగా, ఇకమీదట ప్రతి సోమవారం ఎవరూ సైకిల్ ఎక్కరాదు. ఆ రోజున ప్రతి సభ్యుడూ సైకిల్‌కు దూరంగా, ఒంటరిగా గానీ కుటుంబ సమేతంగా గానీ, ఏదో ఒక సరదా వ్యాపకం పెట్టుకుని ఉల్లాసంగా గడపవలెను. ఉల్లాసంగా లేనివారిపై తగు చర్య తీసుకోబడును.

ఈ ప్రకటన చేసినవారు సంఘాధ్యక్షులు ఫాంగ్ గారు. చేసిన చోటు, నెలనెలా సంఘం విందు జరిగే చేపల హోటలు. మర మేకుల ఫ్యాక్టరీ కొడుక్కి అప్పగించి, తన శేషజీవితాన్ని ఎదురుగాలికి అంకితం చేసిన మహనీయుడాయన. గుండ్రటి బల్ల మీద ఆవిరికి ఉడికిన చేప చల్లారిపోతూ ఉండగా ఆయన లేచి నిలబడి, సంఘం మోకాళ్ళను పరీక్షించిన డాక్టరుగారి అభిప్రాయాన్ని సభకు వినిపించారు. ఈ మోకాళ్ళకు వారానికొక రోజు సెలవు ఇవ్వకపోతే అవే శాశ్వతంగా సెలవు తీసుకుంటాయని ఆ అభిప్రాయ సారాంశం. సభ్యులు తలలు వంచుకుని కూర్చున్నారు. కొందరు చాప్‌స్టిక్‌లు కింద పెట్టేశారు.

"సోదరులారా, మనం గాలిని జయించాం, కొండల్ని జయించాం. ఇప్పుడు విశ్రాంతిని జయించవలసిన ఘడియ వచ్చింది. విశ్రాంతి తీసుకోవడంలో కూడా ఈ నగరంలో మనల్ని దాటిపోయే సంఘం ఉండకూడదు" అన్నారు ఫాంగ్ గారు.

ఇంట్లో స్టాండుకి బిగించిన సైకిల్ కదలదు కాబట్టి దాన్ని సైకిల్ అనవచ్చునా అని ఒక సభ్యుడు అడిగాడు. ఆ ప్రశ్నను ఉపసంఘానికి పంపారు. ఉపసంఘం ఇప్పటికీ దాని మీదే కూర్చుని ఉంది, తొక్కుతూ.

ఊరికే ఉల్లాసంగా ఉండమంటే ఎవరుంటారు? అందుకని ఫాంగ్ గారు ఒక బహుమతి కూడా ప్రకటించారు. కుటుంబంతో అందరికన్నా చక్కగా విశ్రాంతి తీసుకున్న సభ్యుడికి ఉత్తమ గృహస్థు బిరుదు ఇస్తారు. శరదృతువులో సముద్రం ఒడ్డు నుంచి వూలింగ్ కనుమ దాకా సంఘం సైకిళ్ళ మీద చేసే మహారోహణంలో అతడే అందరికీ ముందు నడుస్తాడు. ఇది విన్న మరుక్షణం సభ్యులకు తమ తమ కుటుంబాల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ ప్రేమ ఎన్ని పోకడలు పోయిందో చెబితే నమ్మరు. ఒకాయన భార్యతో కలిసి ఆర్కిడ్ మొక్కలు పెంచడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క కుండీనీ కాటా మీద పెట్టి చూసి, సైకిల్‌కి చేసినట్టే బరువు తగ్గించడానికి అడుగున చిల్లులు పొడిచాడు. చిల్లుల్లోంచి మట్టి కారిపోయింది, మొక్కలు చచ్చాయి, కుండీలు మాత్రం ఈకల్లా తేలిపోతున్నాయని సంఘం అతన్ని అభినందించింది. వెంగ్ అనే పెద్దమనిషి పందెం పావురాలను పెంచాడు. తెల్లారగానే మేడెక్కి, ఎప్పుడూ మందకు వెనకే ఎగురుతూ ముందుకొచ్చి గాలికి ఎదురొడ్డని ఒక పావురాన్ని, సిగ్గూ శరం లేదా అని పేరు పెట్టి తిట్టేవాడు. వేడినీటి బుగ్గలకు కుటుంబాలతో వెళ్ళినవారు, తొడ సగం తెలుపు సగం నలుపుగా ఏళ్ళ తరబడి ఎండలో సంపాదించుకున్న గీత చెరిగిపోతుందేమోనని, కాళ్ళు మోకాళ్ళ దాకా నీళ్ళలో దించి అంతటితో ఆపేశారు.

అన్నిటికన్నా ఘనంగా జరిగింది కరావోకే పాటల కార్యక్రమం. సైకిల్ తొక్కేటప్పుడు ముందున్నవాడు కాసేపు గాలి కోసి, పక్కకు తప్పుకుని వెనక్కి వెళ్ళడం, తరవాతివాడు ముందుకు రావడం సంఘంలో పద్ధతి. పాటకీ అదే పద్ధతి పెట్టారు. ఒకడు ఒక్క చరణం పాడి, మోచెయ్యి విదిలించి పక్కకు తప్పుకుంటే, వెనకవాడు మైకు అందుకునేవాడు. విరహగీతం వరస చెడకుండా ఊపిరి తిప్పుకోకుండా సాగిపోయింది. కుటుంబ సమేత కార్యక్రమం కాబట్టి భార్యలు కూడా ఉన్నారు. వాళ్ళు వరసలో లేరు గనక వాళ్ళ దాకా మైకు రాలేదు.

ఈ కోలాహలంలో ఏ సరదా చేసుకోవాలో తోచక దిగాలుగా ఉన్నవాడు షెన్ తెఫూ ఒక్కడే. సైకిల్ విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో మేస్త్రీగా పనిచేసి రిటైరైన మనిషి. చెడ్డవాడు కాడు. సిగరెట్టు తాగడు, జూదమాడడు, ఎవరి జోలికీ పోడు. వూలింగ్ దారిలో ముందు నడవాలన్నది అతని జీవితాశయం. భార్య పీయున్‌కి బడి ఎదురుగా పలహారాల కొట్టుంది. తెల్లవారుజామున లేచి సోయా పాలు కాచి, గుడ్డట్లు పోసి, సగం పేటకి టిఫిన్ పెట్టి, మధ్యాహ్నం గిన్నెలు తోముకుని ఇంటికొస్తుంది. ఆ కొట్టుకి సోమవారం సెలవు.

తెఫూ సంగతి తెలియాలంటే సంఘంలోని ఒక పాత ఆచారం తెలియాలి. కొండ ఎక్కేటప్పుడు ఎవరి వేగం వారిది. ముందు వెళ్ళినవాడు పైన ఆగుతాడు. అరటిపండు తింటాడు, చెమట ఆరబెట్టుకుంటాడు, ఫొటోలు దిగుతాడు. ఆఖరివాడు రొప్పుతూ రోజుతూ వచ్చి కాలు కింద పెట్టీ పెట్టగానే అందరూ చప్పట్లు కొట్టి, "అందరం వచ్చేశాం, ఇక పదండి" అని బయల్దేరతారు. అంటే అందరికన్నా ఎక్కువ అలిసినవాడికి అసలు విశ్రాంతే ఉండదు. దీన్ని సంఘంలో ఐకమత్యం అంటారు. దారిలో వాడికి ఓపిక పోతే "ఇంకొక్క మలుపే" అని కేకేస్తారు. నిజానికి మలుపులు ఇంకా బోలెడుంటాయి. ఇది అబద్ధం కిందికి రాదు, ప్రోత్సాహం కిందికి వస్తుంది.

ఈ ఆచారాన్ని తెఫూ తనకు తెలియకుండానే ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. రాత్రి భోజనం దగ్గర పీయున్ కూరలు ఒకటొకటిగా తెచ్చిపెట్టి, చివరికి చారు గిన్నె పట్టుకుని వంటింట్లోంచి వచ్చి కూర్చునేసరికి, అతని తిండి అయిపోయి ఉండేది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చోగానే అతను "ఆఁ, అయిపోయిందిగా" అంటూ లేచేవాడు. "నీ కోసమే ఆగా" అని కూడా అనేవాడు, పాపం, అతని నమ్మకమూ అదే. ఇన్నేళ్ళ కాపురంలో పీయున్ అన్నం తింటూ ఎక్కువగా చూసింది ఎదుటి ఖాళీ కుర్చీని. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

"ఏమయ్యా, సోమవారం సరదాగా ఉండమన్నారటగా మీ సంఘంలో?" అందొక సాయంత్రం.

"ఉండమన్నారు. ఎలా ఉండాలో తెలిసి చావడంలేదు. మా సంఘంలో షియావ్‌గాడు అప్పుడే కొడుకుతో రొయ్యలు పట్టడానికి పోతున్నాడు. హెల్మెట్టు పెట్టుకుని మరీ పడుతున్నాట్ట."

"దాకెంగ్ కొండ మీద, సగం దారిలో టీ కొట్టొకటి ఉంది, గుర్తుందా? పెళ్ళికి ముందు తీసుకెళ్ళేవాడివి."

"అది ఇంకా ఉందా?"

"అది ఉంది. నువ్వే లేకుండా పోయావ్. అక్కడ నా ఎదురుగా కూర్చో. ఒక్క కుండ టీ. ఆకు రంగు దిగినంతసేపూ నీళ్ళు పోసుకుని తాగుదాం. మధ్యలో లేవకూడదు, చేతికున్న ఆ గడియారం చూడకూడదు. నాకు కావల్సింది అంతే."

"ఓస్, అంతేనా?"

"అంతే. అది కూడా నీ వల్ల కాదంటే చెప్పు, తైతుంగ్ వెళ్ళి మా అక్క దగ్గర ఉంటాను. వాళ్ళ అతిథిగృహంలో చేతి సాయానికి మనిషి కావాలంటోంది. పొద్దున్నే సముద్రం కనపడుతుందట. అక్క కూర్చుని తింటుంది కూడానూ." ఆమె గొంతు పెంచలేదు. కొట్టులో "ఉల్లికాడలు వెయ్యమంటావా, వద్దా" అని అడిగినంత మామూలుగా అంది.

తెఫూకి ఆమె సంగతి తెలుసు. పీయున్ ఊరికే మాటనే మనిషి కాదు. తైతుంగ్ అంటే తామున్న దీవికి అవతలి ఒడ్డు, మధ్యలో పర్వతాలు. ఎలాగైనా ఆ కుండ టీ తాగి తీరాలని అతను నిశ్చయించుకున్నాడు. నిశ్చయించుకున్న పనికి సాధన చెయ్యడం అతనికి అలవాటు కాబట్టి, పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం సాధన చేశాడు. ఛాతీకి గుండె వేగం కొలిచే పట్టీ కట్టుకుని, మొదట కొంచెంసేపు, తరవాత ఇంకొంచెంసేపు, నడుమ నడుమ లేచి గట్టిగా ఊపిరి పీలుస్తూ కూర్చున్నాడు. వూలింగ్ ఎక్కేటప్పటికన్నా ఊరికే కూర్చున్నప్పుడే తన గుండె ఎక్కువ కొట్టుకుంటోందని కనిపెట్టి బెంగపడ్డాడు. బాత్రూం పలకల వ్యాపారి, అతనికి అన్ని కొండల మీదా పోటీదారు అయిన షియావ్ ఈ సంగతి విని సానుభూతి చూపించాడు.

"జాగ్రత్తన్నా. కూర్చోవడంలో ఒక్కసారిగా పైకి పోకూడదు. మా బావమరిది అలాగే సోఫా మీద నడుం పట్టేసి ఆర్నెల్లు మంచాన పడ్డాడు" అన్నాడు.

అలా తెఫూ ఒక సోమవారానికి సిద్ధమయ్యేసరికి, ఫాంగ్ గారి నుంచి సభ్యులందరికీ సందేశం వచ్చింది. ఆ సోమవారమే సంఘం తరఫున కుటుంబ ఆనంద దినం. స్థలం దాకెంగ్ కొండ. అందరూ సతీసమేతంగా కాలినడకన శిఖరానికి చేరి, ఫొటో దిగి, ఆనందించవలెను. ఉత్తమ గృహస్థును అక్కడే తేల్చుదురు. తెఫూ పొంగిపోయాడు. దారి అదే, టీ కొట్టూ దారిలోదే, బిరుదూ అక్కడే. ఒక దెబ్బకు రెండు పిట్టలు అనుకున్నాడు. పీయున్ మాత్రం అతని మొహంలోకి చూసి, "టీ కొట్టు దగ్గర ఆగుతావుగా?" అని అడిగింది. "ఆగకపోతే నన్నడుగు" అన్నాడు తెఫూ.

కొండ కింద అందరూ కలిశారు. భర్తలు సంఘం చొక్కాల్లో, నున్నగా గీసుకున్న కాళ్ళతో మెరిసిపోతున్నారు. ఇద్దరు ముగ్గురు అలవాటు కొద్దీ సైకిల్ బూట్లే వేసుకొచ్చి రాళ్ళ మీద టకటకలాడుతున్నారు. భార్యల చేతుల్లో గొడుగులు, జామకాయ ముక్కల డబ్బాలు, అన్నపుండలు, అందరి స్వెట్టర్లు. ఫాంగ్ గారు ఒక బండ ఎక్కి ప్రసంగించారు.

"సోదరులారా, వదినలారా, కుటుంబమే మనకు రెండో చక్రం. ఈ రోజు ఎవరూ ఎవరినీ వదిలి వెళ్ళకూడదు. ముఖ్యంగా ఒక్క మాట. ఇది పోటీ కాదు."

పోటీ కాదన్న మాట వినపడగానే మగవాళ్ళందరూ వంగి బూట్ల తాళ్ళు బిగించుకున్నారు.

దుంగల మెట్ల దారిలో తెఫూ మొదట పీయున్ పక్కనే నడిచాడు. సైకిల్ వరసలో వెనకవాడికి చూపినట్టే, వేరు అడ్డమొస్తే చెయ్యి వెనక్కి పెట్టి వేలితో చూపించాడు, గుంట వస్తే అరచెయ్యి ఊపాడు. పీయున్ నవ్వింది. చెమట పట్టిన నుదురు తుడుచుకుంటూ, అప్పట్లో ఈ మెట్లు లేవని, జారితే అతని చెయ్యి పట్టుకునేదాన్నని ఏదో చెప్పబోయింది. అంతలో షియావ్ వాళ్ళను దాటుకుంటూ వెళ్ళాడు. వెళ్ళినవాడు ఊరికే వెళ్ళకుండా, "మంచి వేగమన్నా, ఇలాగే మెల్లిగా రండి" అన్నాడు.

తెఫూ ఆగాలనే అనుకున్నాడు. మనసు ఆగింది కూడా. కాళ్ళే ఆగలేదు. ఇన్నేళ్ళు పెంచి పోషించిన కాళ్ళు, యజమాని మాట వినక్కర్లేని హోదాకి చేరుకున్నాయి. అతను షియావ్‌ని పట్టుకున్నాడు, దాటాడు, మళ్ళీ షియావ్ దాటాడు. కుడివైపున టీ కొట్టు వచ్చింది. వెదురు పందిరి, కింద చిన్న బల్లలు, పొగలు కక్కుతున్న కెటిల్. తెఫూ వెనక్కి తిరిగి, కింద మలుపులో ఎక్కడో కనపడుతున్న గొడుగు వైపు, "పైన ఆగుతా" అని కేకేసి వెళ్ళిపోయాడు.

శిఖరం మీదికి ఎవరు ముందు వచ్చారన్న విషయం మీద ఇప్పటికీ విచారణ జరుగుతోంది. కాసేపటికి సంఘంలోని భర్తలందరూ చేరుకున్నారు. అరటిపళ్ళు తిన్నారు, చెమట ఆరబెట్టుకున్నారు. భార్యలు రాగానే చప్పట్లు కొట్టడానికి చేతులు సిద్ధంగా పెట్టుకున్నారు.

భార్యలు రాలేదు.

"పంక్చరై ఉంటుంది" అన్నాడొక సభ్యుడు, చాలా సహజంగా. ఎవరికీ అందులో తప్పు కనపడలేదు. కాసేపాగి ఫాంగ్ గారు తమ భార్యకు ఫోన్ చేశారు. "వస్తున్నాం. ఇంకొక్క మలుపే" అని సమాధానం వచ్చింది. అందరూ లేచి బట్టలు దులుపుకున్నారు. ఎవరూ రాలేదు. ఇంకోసారి షియావ్ చేశాడు. "అయిపోయింది, ఇంకొక్క మలుపే" అంది షియావ్ భార్య. ఆ మాటకి అర్థం ఏమిటో శిఖరం మీద ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఎన్ని కొండల మీద ఎంతమందికి తాము చెప్పిన మాట అది. తెలిసినా నమ్మారు. ఆ మాటను నమ్మనివాడు కొండ ఎక్కలేడు.

ఎవరో ఒకరు కిందికి వెళ్ళి చూసి వస్తే సరిపోయేది. కానీ దిగినవాడు మళ్ళీ ఎక్కి రావాలి, ఎక్కి వస్తే ఆఖరివాడవుతాడు. ఇంతమంది ఎదుట ఆఖరివాడు కావడానికి తన భార్య గురించి ఎవరికీ అంత ఆందోళన లేదు. ఆఖరి మనిషి రాకుండా బయల్దేరడానికి ఆచారం ఒప్పుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టు, నగరంలోకెల్లా దిట్టమైన పిక్కలు శిఖరం మీద ఇరుక్కుపోయాయి. నీళ్ళయిపోయాయి. అన్నపుండలు భార్యల దగ్గరున్నాయి, స్వెట్టర్లూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి, ఎండ చూస్తే వాలిపోతోంది. ఫాంగ్ గారు అక్కడికక్కడే అత్యవసర సమావేశం జరిపి, ఎదురుచూడటం కూడా సైకిల్‌కు దూరంగా, కుటుంబాన్ని తలుచుకుంటూ చేసే పని కాబట్టి దాన్ని సరదా వ్యాపకంగా గుర్తిస్తున్నట్టు తీర్మానం చేయించారు. ఎవరు ఎక్కువ ఓపిగ్గా ఎదురుచూస్తున్నారో తేల్చడానికి అందరూ మణికట్టు గడియారాలు నొక్కారు.

తెఫూ నొక్కలేదు. పీయున్‌కి ఫోన్ చేశాడు. ఆమె మాట్లాడక ముందే అతనికి కెటిల్ మూత టపటపలాడటం, ఎవరో గుమ్మడి గింజలు కొరకటం, ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. పందిరి కళ్ళ ముందు కనపడింది. "టీ ఉందా ఇంకా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఆకు ఇంకా రంగు దిగుతోంది" అంది పీయున్. "దిగినంతసేపూ ఉంటుంది."

అతను మెట్ల వైపు నడిచాడు. "తెఫూ అన్నా, దిగితే ఆఖరివాడివవుతావ్" అని షియావ్ వెనకనుంచి హెచ్చరించాడు. ఫాంగ్ గారు సంఘం మర్యాద గుర్తు చేశారు. తెఫూ చెవిన వేసుకోలేదు.

కొండలెక్కడానికి పెంచిన తొడలు మెట్లు దిగడానికి పనికిరావు. నాలుగు దుంగలు దిగేసరికి మోకాళ్ళు వణికాయి, ఆపైన అడ్డంగా తిరిగి, కమ్మీ పట్టుకుని, బాతులా దిగాడు. కర్ర పట్టుకుని వస్తున్న ముసలమ్మ ఒకావిడ అతన్ని దాటిపోతూ, "ఇంకొక్క మలుపే నాయనా" అని ధైర్యం చెప్పింది. ఆ తరవాత చాలా మలుపులు వచ్చాయి. ప్రతి మలుపులోనూ అతనికి ఆకు రంగే గుర్తుకొచ్చింది. ఆలస్యమైపోతోందని జీవితంలో మొదటిసారి, గడియారం చూడకుండానే, భయపడ్డాడు.

పందిరి కింద సంఘం భార్యలందరూ ఉన్నారు. స్వెట్టర్లు కప్పుకుని, చెప్పులు విడిచి, కాళ్ళు బల్లల మీద చాచుకున్నారు. జామకాయ డబ్బాలు ఖాళీ. ఫాంగ్ వదిన పాట ఎత్తుకుంది, మొదటి నుంచి చివరి దాకా తనే పాడుతోంది. పీయున్ ఎదురుగా ఒక కుర్చీ ఖాళీగా ఉంది. తెఫూ అందులో కూలబడ్డాడు. పీయున్ కుండలో వేణ్ణీళ్ళు పోసి, కప్పులోకి వంచి అతని ముందు పెట్టింది. దాంట్లో రంగు ఉందీ లేనట్టుంది.

అతను కప్పు ఎత్తి, ఊది, సగం తాగాడో లేదో, ఆడవాళ్ళందరూ లేచారు. చెప్పులు వేసుకున్నారు, గొడుగులు తీసుకున్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

"వచ్చేశావుగా," అంది పీయున్, సంచి భుజానికి తగిలించుకుంటూ. "ఇక పద."

"నేను ఇప్పుడే కదే వచ్చింది? కాస్త ఊపిరి తీసుకోనీ."

"నీ కోసమే ఇంతసేపూ ఆగాం" అంది ఆమె. అందులో కోపం లేదు. అతని గొంతుతో, అతని మాటే అంది.

తెఫూ లేవబోయాడు. మోకాళ్ళు లేవనివ్వలేదు. అలిసిపోయినవాడికి ఎదుట కుర్చీ ఖాళీ అయితే ఎలా ఉంటుందో ఆ కూర్చున్నచోట అతనికి తెలిసింది. ఆడవాళ్ళ మాటలు, నవ్వులు మలుపు తిరిగి కిందికి వెళ్ళిపోయాయి. మర్నాడు పీయున్ కొట్టును మరదలికి అప్పగించి తైతుంగ్ రైలెక్కింది.

ఆ నెల విందులో, శిఖరం మీద చలిలో పట్టిన జలుబుతో ముక్కులు చీదుకుంటున్న సభ్యుల సమక్షంలో, ఉత్తమ గృహస్థు బిరుదును షెన్ తెఫూకి ప్రదానం చేశారు. కుటుంబ ఆనంద దినాన భార్యకు ఎదురుగా కూర్చున్న సభ్యుడు అతనొక్కడే. అరకప్పు టీ సేపు కూర్చున్నాడు, ఇది సంఘ చరిత్రలో రికార్డు అని ఫాంగ్ గారు గద్గద స్వరంతో వివరించారు. నాలుగు మాటలు మాట్లాడమంటే తెఫూ లేచి, "ఆఖరివాడు వచ్చాక మనం కూడా ఇంకాసేపు కూర్చుంటే ఏం పోతుంది?" అని అడిగాడు. ఆ ప్రశ్నను ఉపసంఘానికి పంపారు. శరదృతువులో వూలింగ్ దారిలో అతనే అందరికన్నా ముందు నడిచాడు. పైకి చేరాక ఫొటోలో అతను ఒక్కడే కిందికి, దారి వైపు చూస్తూ ఉన్నాడు.

ఇప్పుడు ప్రతి సోమవారం తెఫూ దాకెంగ్ టీ కొట్టుకు వెళ్ళి ఒక కుండ టీ చెప్పి, రెండు కప్పులు పెట్టించుకుని, ఆకు రంగు వదిలేదాకా కూర్చుంటాడు. సంఘం అతని వ్యాపకాన్ని కుటుంబ సమేతం విభాగం నుంచి ఒంటరి విభాగానికి మార్చింది. తైతుంగ్‌కి ఫోన్ చేసి, "ఎప్పుడొస్తున్నావ్?" అని అడుగుతాడు. వెనకాల సముద్రం హోరు వినపడుతుంది. "వస్తున్నా. ఇంకొక్క మలుపే" అంటుంది పీయున్. అతను రెండో కప్పు మీద సాసరు బోర్లించి, చల్లారకుండా చూసుకుంటాడు.

ఈ సైకిల్ మనుషుల తిక్క చూసి నవ్వుకున్న పాఠక మహాశయులను సంఘం ఏమీ అడగదు. రాత్రి మీ ఇంట్లో అందరికీ వడ్డించి చిట్టచివర కంచం ముందు కూర్చున్న మనిషి, తినడం ముగించి లేచేసరికి ఎదురుగా ఎవరైనా ఉన్నారా అని కూడా అడగదు. మీరు చేతులు కడుక్కుని అప్పటికే వెళ్ళిపోయి ఉంటారు. వెళ్ళడానికి మీకు సైకిల్ కూడా అక్కర్లేదు.